చలి, చోకు, చొక్కాలో పేపరు

కొత్తగూడెం అంటే జనానికి రెండే గుర్తొస్తాయి. ఒకటి బొగ్గు, రెండోది ఎండ. మే నెల వచ్చిందంటే చాలు, టీవీలో రామగుండం, కొత్తగూడెం పేర్లు పక్కపక్కనే తిరుగుతుంటాయి, ఇవాళ నలభై అయిదు, రేపు నలభై ఆరు అంటూ. అందుకే నేను "మా ఊళ్ళో చలికాలం బండి నడపడం" అనే మాట ఎత్తగానే ఆఫీసులో అందరూ నవ్వుతారు. "మీకు చలేంటి గురూ, మీరు సంక్రాంతికి కూడా కూలర్ వేసుకుంటారటగా" అని ఒక వైజాగ్ మిత్రుడి వెక్కిరింత. (వాళ్ళకి లంబసింగి ఉంది కదా, ఆ పొగరు.)

నవ్వితే నవ్వారు. కానీ ఆ మధ్య మా టీంలో నలుగురు కుర్రాళ్ళు బుల్లెట్ల మీద మనాలీ నుంచి లేహ్ దాకా వెళ్ళొచ్చారు. జాకెట్టు, గ్లోవ్సు, బూట్లు, మోకాలి చిప్పలకి కవచాలు, అన్నీ కలిపి ఒక్కొక్కడికి ఒక నెల జీతం. వచ్చాక కెఫెటీరియాలో రెండు వారాల పాటు అవే కబుర్లు. వింటుంటే సరదాగానే ఉంది, వాళ్ళు పడ్డ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. ఒక్క మాట మాత్రం నాలో ఉండిపోయింది. "మన తెలుగు వాళ్ళకి చలిలో రైడింగ్ అలవాటు లేదు, మనకి ఆ కల్చరే లేదు" అన్నాడు వాళ్ళలో ఒకడు. లేదా? డిసెంబరు రాత్రి పన్నెండింటికి ఐదో నంబరు బావి నుంచి రైటర్ బస్తీకి రాజ్‌దూత్ మీద వెళ్ళిన వాళ్ళనేమనాలి మరి? వాళ్ళు ఫొటోలు తీసుకోలేదు, అంతే. కాబట్టి ఆ చరిత్ర నాకు తెలిసినంత మేరకు రాసి పెడుతున్నాను.

ముందు లెక్క తేల్చుకుందాం, మనం ఇంజనీర్లం కదా. డిసెంబరు, జనవరిల్లో మా వైపు తెల్లవారుజామున మామూలుగా పన్నెండు, పదమూడు డిగ్రీలు ఉంటుంది. బాగా చలి పెట్టిన రోజుల్లో పదికి దిగుతుంది, అడవి పట్టున ఇంకా కిందకి. ఇది నిలబడ్డవాడి చలి. బండి ఎక్కినవాడి చలి వేరు. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు అంటార్కిటికాలో ఒక ప్లాస్టిక్ సిలిండర్లో నీళ్ళు పోసి, గాలికి వేలాడదీసి, ఎంతసేపట్లో గడ్డ కడుతుందో కొలిచారు. 1945లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. గాలి వేగాన్ని బట్టి చలి ఎంత పెరిగినట్టు అనిపిస్తుందో చెప్పే సూత్రం అక్కణ్ణుంచే మొదలైంది. 2001లో అమెరికా, కెనడా కలిసి దాన్ని తిరగరాశాయి. ఈసారి నీళ్ళ సిలిండరు కాదు, వాలంటీర్లని చల్లగాలి టనెల్లో నడిపించి, వాళ్ళ మొహాలకి సెన్సర్లు అంటించి మరీ కొలిచారు.

ఆ సూత్రంలో 10 డిగ్రీలు, గంటకి 60 కిలోమీటర్లు వేసి చూడండి. 5 డిగ్రీలు వస్తుంది. అంటే గాలి నిజంగా అయిదు డిగ్రీలకి చల్లబడదు, మన ఒంట్లోంచి వేడి అంత వేగంగా లాగేసుకుంటుంది. పైగా ఆ లెక్క మొహానికి. ఎండాకాలం నలభై అయిదు చూసిన ఒంటికి, పలచటి టెర్రికాటన్ చొక్కాకి, చేతికి గ్లోవ్సు లేని వేళ్ళకి ఎంత అనిపిస్తుందో ఏ సూత్రమూ చెప్పలేదు. సాయంత్రం ఆరున్నరకి హెల్మెట్ లేకుండా పాల్వంచ వెళ్ళి రండి, తెలుస్తుంది.

ఇక అసలు చరిత్ర. తమాషా ఏంటంటే మోటార్ సైకిల్ పుట్టిందే చలికాలంలో. 1885 నవంబరులో, జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర కాన్‌స్టాట్‌లో, గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి ఒక చెక్క చట్రానికి అర హార్స్ పవర్ పెట్రోలు ఇంజను బిగించారు. దాన్ని ఊరి బయటకి తీసుకెళ్ళింది డైమ్లరు కొడుకు పాల్, పదహారేళ్ళ కుర్రాడు. ఇంజను సరిగ్గా సీటు కింద. అందులో నిప్పు రాజెయ్యడానికి ఎర్రగా కాల్చిన గొట్టం. దారిలో సీటు అంటుకుందని చెప్తారు. ప్రపంచంలో మొట్టమొదటి బైకర్‌కి నవంబరు చలి తెలిసే అవకాశమే లేకపోయింది పాపం :)

ఆ తరవాత వచ్చిన వాళ్ళకి ఆ అదృష్టం లేదు. ఇంగ్లండులో బార్బర్ కంపెనీ వాళ్ళు 1936లో మైనం పట్టించిన నూలు బట్టతో ఒక సూటు కుట్టారు, మోటార్ సైకిల్ పోటీల కోసం. గాలి, వాన లోపలికి రాకుండా. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా చలికి జర్మన్ సైన్యం తట్టుకోలేక, సైడ్ కార్ బళ్ళలో సైలెన్సరు వేడిని గొట్టాల ద్వారా చేతులకి, కాళ్ళకి తగిలేలా మార్చుకుంది. యుద్ధం అయ్యాక, 1956లో, ఎర్న్‌స్ట్ లెవర్కుస్ అనే జర్మన్ పత్రికా రచయిత చలికాలం నడిమధ్యలో బైకర్ల జాతర ఒకటి మొదలుపెట్టాడు. దాని పేరు ఎలిఫాంటెన్‌ట్రెఫెన్, ఏనుగుల కలయిక అని. జుండాప్ కంపెనీ పెద్ద బండికి "పచ్చ ఏనుగు" అని ముద్దుపేరు, అదీ సంగతి. ఇప్పటికీ బవేరియా అడవుల్లో మంచులో టెంటు వేసుకుని పడుకుంటారు. వాళ్ళకి అది సరదా. దాని మీద బోలెడు పుస్తకాలున్నాయి, మ్యూజియములున్నాయి.

మన దగ్గర సరదా కాదు, షిఫ్టు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు పక్కన సింగరేణి అనే ఊరి దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ డెక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది, 1889కల్లా ఇల్లెందులో బొగ్గు పైకి రావడం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. కొత్తగూడెం గనులు తరవాత వచ్చినవి, హెడ్డాఫీసు కూడా. అప్పటిదాకా ఈ ప్రాంతంలో చలికాలం అంటే జనం పొద్దెక్కే దాకా నెగడు చుట్టూ కూర్చునేవాళ్ళు. కోయగూడేల్లో ఇప్పటికీ అంతే. ఎండ వచ్చాకే పని. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. బొగ్గుబావి వచ్చి ఆ ఏర్పాటుని పాడుచేసింది. భూమి కింద పగలూ రాత్రీ లేవు, రోజుకి మూడు షిఫ్టులు. సైరను మోగితే చలైనా, వానైనా దిగాల్సిందే.

మొదట్లో నడక. తరవాత సైకిలు. ఇక్కడ నేను గమనించిన విషయం ఒకటి చెప్తాను, నాకైతే ఇది చాలా ముఖ్యమైనదనిపిస్తుంది. సైకిలు తొక్కేవాడికి చలి పెద్దగా తెలియదు. గంటకి పన్నెండు, పదిహేను కిలోమీటర్ల గాలి, పైగా కాళ్ళు పని చేస్తుంటే ఒంట్లో వేడి పుడుతుంటుంది. పది నిమిషాల్లో స్వెట్టరు విప్పేసేవాడు. మోటార్ సైకిల్ వచ్చేసరికి రెండూ తలకిందులయ్యాయి. పని చేసేది ఇంజను, మనిషి బొమ్మలాగా కూర్చుంటాడు. గాలి మాత్రం నాలుగు రెట్లు. ఒంట్లో వేడి పుట్టదు, ఉన్నది గాలి లాక్కుపోతుంది. అందుకే అంటున్నా, కొత్తగూడేనికి చలిని తెచ్చింది ఉత్తరాది గాలి కాదు, మోటార్ సైకిల్.

అది రావడానికి చాలా ఏళ్ళే పట్టింది. సరిహద్దుల్లో గస్తీ కోసం సైన్యం బుల్లెట్లు కావాలంటే, 1955లో మద్రాసు మోటార్స్ వాళ్ళు, ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు కలిసి మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మైసూరులో ఐడియల్ జావా వచ్చింది. ఎస్కార్ట్స్ వాళ్ళు పోలండు వాళ్ళ ఎస్‌హెచ్‌ఎల్ డిజైను తెచ్చి రాజ్‌దూత్ అని పేరు పెట్టారు. పోలండు చలికి పుట్టిన బండి, మన పాలవాళ్ళ క్యానులు మోసింది! బుల్లెట్ ధర అందరికీ అందేది కాదు, బజాజ్ చేతక్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. అందుకని మా కాలనీలో మొదట కనపడింది రాజ్‌దూత్‌లే. మా నాన్న 1983లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 1985లో హీరో హోండా సీడీ 100, ఆ ఏడాది చివర యమహా ఆరెక్స్ 100 వచ్చాక గానీ కుర్రాళ్ళ చేతికి బళ్ళు రాలేదు.

చేతక్ గురించి ఒక్క ముక్క. స్కూటర్ మాష్టార్ల బండి అని మేం చిన్నప్పుడు ఎగతాళి చేసేవాళ్ళం గానీ, చలికాలంలో అదే రాజు. 1946లో వెస్పా డిజైన్ చేసిన కొర్రాడినో దస్కానియో విమానాల ఇంజనీరు, ఆయనకి మోటార్ సైకిళ్ళంటే చిరాకు. బురద పడుతుంది, బట్టలు పాడవుతాయి అని. అందుకే ముందు ఒక రేకు తెర పెట్టాడు. ఆ తెర మోకాళ్ళకి గాలి తగలనివ్వదు. రాజ్‌దూత్ మీద మోకాలు గడ్డ కట్టుకుపోతుంటే పక్కనుంచి లెక్కల మాష్టారు పంచె కూడా ఎగరకుండా వెళ్ళిపోయేవారు.

ఇప్పుడు అసలైన చలి సంగతి, అంటే రెండో షిఫ్టు దిగేవాళ్ళ చలి. భూమి లోపలికి వెళ్ళే కొద్దీ వేడి పెరుగుతుంది, కిలోమీటరుకి సుమారు పాతిక నుంచి ముప్ఫై డిగ్రీలు. గోదావరి లోయలో ఇంకా ఎక్కువే. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు లోంచి వేడినీళ్ళు వాటంతటవే పైకి వస్తాయి, దాంతో కరెంటు తీసే చిన్న ప్లాంటు కూడా పెట్టారు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుకలో గొయ్యి తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు చలికాలం స్నానానికి అక్కడికి వచ్చేవారని స్థలపురాణం. దేవుళ్ళకే తప్పలేదు చలి! మొత్తానికి ఏంటంటే, పైన డిసెంబరు అయినా బావి లోపల ఎప్పుడూ ఎండాకాలమే. గాలిలో తేమ, మొహాన బొగ్గు, ఒళ్ళంతా చెమట. ఎనిమిది గంటలు అలా పని చేసి, అర్ధరాత్రి పూట పైకి వస్తారు. బయట పన్నెండు డిగ్రీలు.

తడిసిన బనీను మీద గాలి కొడితే ఏమవుతుంది? ఒక గ్రాము చెమట ఆరాలంటే ఒంట్లోంచి దాదాపు 580 కేలరీల వేడి తీసుకుంటుంది (మనం డైటింగ్‌లో లెక్కపెట్టే కేలరీలు కాదు, వాటిలో వెయ్యో వంతువి). అందుకే బావి నుంచి వచ్చేవాళ్ళు బండి ఎక్కేముందు బనీను మార్చుకునేవాళ్ళు. టిఫిన్ క్యారియర్‌తో పాటు ప్లాస్టిక్ కవర్లో ఒక పొడి బనీను. మా అమ్మ ఏ రోజూ మర్చిపోయేది కాదు. లడఖ్ గైడు పుస్తకాల్లో "బేస్ లేయర్ పొడిగా ఉంచుకోండి" అని రాసి ఉంటుందట. దానికి ఇంత చరిత్ర.

ఇక రెండో పొర. దానికి పేరు ఈనాడు.

నవ్వొద్దు, నిజంగానే. చొక్కాకీ స్వెట్టరుకీ మధ్య ఛాతీ మీద పేపరు పెట్టుకోవడం. కాగితం గాలిని దూరనివ్వదు, మడతల మధ్య ఇరుక్కున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెంలో కొండ దిగేముందు వాళ్ళు కూడా జెర్సీ లోపల పేపర్లు దోపుకునేవాళ్ళు. మా వాళ్ళకి ఆ సంగతి తెలియదు, ఎవరికి వాళ్ళే కనిపెట్టుకున్నారు. 1974లో ఈనాడు మొదలయ్యాక, తరవాత జిల్లా పేపరు చిన్న సైజులో రావడం మొదలయ్యాక, ఈ టెక్నాలజీ ఒక మెట్టు ఎక్కింది. మెయిన్ పేపరు మడతపెట్టాలి, నడుం దగ్గర ఉబ్బుగా ఉంటుంది. జిల్లా పేపరు అయితే కొలిచి కుట్టించినట్టు ఛాతీకి సరిపోతుంది. మా నాన్న నిన్నటి పేపరు పాత పేపర్ల కట్టలోకి పోనిచ్చేవాడు కాదు, సంక్రాంతి వెళ్ళేదాకా. ఆదివారం పుస్తకం మాత్రం పనికిరాదనేవాడు. నున్నగా ఉంటుంది, జారిపోతుంది.

తలకి మంకీ క్యాప్. దీని కథ ఇంకా పెద్దది. 1854లో క్రిమియా యుద్ధంలో బాలాక్లావా అనే ఊరి దగ్గర ఇంగ్లీషు సైనికులు చలికి అల్లాడిపోతే, ఊలుతో అల్లిన టోపీలు పంపించారు. ఆ ఊరి పేరే తరవాత ఆ టోపీకి వచ్చింది. నల్ల సముద్రం ఒడ్డున పుట్టిన టోపీ మనకి మంకీ క్యాప్ అయి, చలికాలం రాగానే పోస్టాఫీస్ సెంటర్లో రోడ్డు పక్కన కుప్పలుగా పోసి అమ్మేవాళ్ళ దగ్గరికి చేరింది. మేమందరం వాళ్ళని నేపాలీలు అనేవాళ్ళం, నిజానికి చాలామంది టిబెట్ నుంచి వచ్చి ఇండియాలో స్థిరపడ్డవాళ్ళు. ప్రపంచంలో అంత చలి దేశం వదిలి వచ్చినవాళ్ళు, ఇంత ఎండ ఊళ్ళో స్వెట్టర్లు అమ్మి బతకడం... చరిత్ర ఒక్కోసారి ఇలాంటి జోకులు వేస్తుంది.

హెల్మెట్ సంగతి కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ పెట్టుకోవాలని ఉంది. మా ఊళ్ళో దాన్ని ఏడాదికి రెండు నెలలు పాటించేవాళ్ళు, డిసెంబరు, జనవరి. పోలీసుల భయంతో కాదు, చెవులు కాపాడుకోడానికి. ఫిబ్రవరి రాగానే హెల్మెట్ మళ్ళీ అటక మీదకి. ఊపిరికి అద్దం మసకబారితే లోపల సబ్బు రాసి పొడిగుడ్డతో తుడవడం అందరికీ తెలిసిన చిట్కా.

చలి రోడ్డంతా ఒకేలా ఉండదు, ఇది కారులో తిరిగేవాళ్ళకి ఎప్పటికీ తెలియని సంగతి. గాలి లేని రాత్రి, నేల దగ్గరి గాలి చల్లబడి బరువెక్కి నీళ్ళలాగా పల్లంలోకి జారుతుంది. కొత్తగూడెం నుంచి భద్రాచలం నలభై కిలోమీటర్లు. ఊళ్ళో ఒక చలి, పాల్వంచలో థర్మల్ స్టేషన్ దాటేదాకా ఒక చలి, కిన్నెరసాని వంతెన దగ్గరికి దిగేసరికి ఒక్కసారిగా ఎవరో చన్నీళ్ళ కుండ గుమ్మరించినట్టు ఉంటుంది. వంతెన దాటి ఎత్తు ఎక్కగానే మళ్ళీ కొంచెం తెరిపి. వరి మళ్ళ పక్కన ఇంకోసారి. కళ్ళు మూసుకుని వెనక కూర్చున్నా ఎక్కడున్నామో చెప్పొచ్చు. ముక్కోటి ఏకాదశికి మేం అలాగే వెళ్ళేవాళ్ళం. ముందు రోజు సాయంత్రం గోదావరిలో తెప్పోత్సవం, తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. దానికి అందుకోవాలంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి. 1965లో భద్రాచలం వంతెన రాకముందు గోదావరి దాటడానికి పడవే దిక్కు, చలికి అదో శిక్ష అని మా తాతయ్య చెప్పేవాడు.

రాజ్‌దూత్ మీద కుటుంబ ప్రయాణం ఎలా ఉంటుందో పాతికేళ్ళ లోపు పిల్లలకి చెప్పాలి. నాన్న నడుపుతాడు, అమ్మ చెల్లిని ఒళ్ళో పెట్టుకుని వెనక, నేను ముందు పెట్రోల్ ట్యాంక్ మీద. అంటే ఏమన్నమాట? నాన్నకి విండ్ షీల్డ్ నేనే. నలభై కిలోమీటర్ల గాలి మొత్తం నా మొహానికే. సారపాక దాటి వంతెన ఎక్కేసరికి పెదవులు కదిలేవి కాదు. అక్కడ టీ కొట్టు దగ్గర దిగి, అందరూ చేసే పనే మేమూ చేసేవాళ్ళం, బండి ఇంజను చుట్టూ చేరి చేతులు కాచుకోవడం. గాలితో చల్లారే ఇంజనుకి చుట్టూ రేకులుంటాయి కదా, వేడి బయటికి పోవడానికి పెట్టినవి. కుంపటికి ఏమాత్రం తీసిపోవు. దేవుడి దర్శనం నాకు సరిగ్గా గుర్తులేదు గానీ ఆ కాలిన నూనె వాసన, చేతి వేళ్ళలోకి ప్రాణం వస్తుంటే సూదులు పొడిచినట్టు ఉండడం మాత్రం ఇప్పటికీ గుర్తే.

ఆ వేళ్ళ సంగతే అసలు ప్రమాదం. వణుకు కాదు. వేలి చర్మం పదిహేను డిగ్రీల దగ్గరికి చల్లబడితే పట్టు, చురుకు రెండూ తగ్గిపోతాయి. నొప్పి కూడా తెలియకపోవడం మొదలైందంటే మనకి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ చెయ్యి మాట వినదు. అప్పటి బళ్ళకి డ్రమ్ము బ్రేకులు, కేబులు, గట్టిగా పిండితే గానీ పట్టవు. అరవై మీద వెళ్తున్న బండి సెకనుకి పదహారు మీటర్ల పైన వెళ్తుంది. వేళ్ళు ముడవడానికి అరసెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు పోయినట్టే.

దానికి తోడు లైటు. ఆ రోజుల్లో చాలా బళ్ళకి హెడ్‌లైటు కరెంటు బ్యాటరీ నుంచి కాదు, నేరుగా ఇంజను మాగ్నెటో నుంచి వచ్చేది. ఇంజను ఎంత వేగంగా తిరిగితే లైటు అంత వెలుగు. పొగమంచులో ఏం చేస్తాం? నెమ్మదిగా వెళ్తాం. నెమ్మదిగా వెళ్తే లైటు దీపంలా అయిపోతుంది. కనపడాలంటే వేగంగా వెళ్ళాలి, వేగంగా వెళ్తే ఆగలేం. కాలనీల్లో ఇంటింటికీ బొగ్గు పొయ్యిలే, కంపెనీ బొగ్గు ఇచ్చేది. ఆ పొగ, పొగమంచు కలిసి తెల్లవారుజామున పది గజాల అవతల ఏమీ కనపడేది కాదు.

1991 జనవరిలో మా లైన్లోనే ఉండే ఒక ఫిల్లరు పొద్దున షిఫ్టుకి వెళ్తూ, రోడ్డు మీద ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దుకున్నాడు. పేరు రాయను, వాళ్ళ పిల్లలు నాతో చదువుకున్నవాళ్ళు. లారీకి వెనక లైటు లేదు. ఊళ్ళో అందరూ పొగమంచు వల్ల అన్నారు, కొందరు తాగి ఉన్నాడన్నారు. అలాంటప్పుడు ఎవరో ఒకరు ఆ మాట అంటారు కదా. మా నాన్న ఆ రోజు సాయంత్రం వాకిట్లో కూర్చుని తన చేతివేళ్ళు ముడుస్తూ, తెరుస్తూ, "కనపడే ఉంటుందిరా వాడికి. చెయ్యి రాలేదు" అన్నాడు. ఆ మరుసటి ఆదివారం ఆయన టైలరు దగ్గర పాత రగ్గు ముక్కతో హ్యాండిల్‌కి రెండు సంచులు కుట్టించాడు, చేతులు రెండూ అందులో దూర్చి పట్టుకునేలా. చూడ్డానికి ఎద్దుకి చెవులు కట్టినట్టు ఉండేది. నెల తిరిగేసరికి మా వీధిలో ఆరు బళ్ళకి ఆ చెవులు వచ్చాయి. ఇదే వస్తువుని ఇప్పుడు చలిదేశాల్లో కంపెనీలు అమ్ముతున్నాయి. మా వాళ్ళెవరూ పేటెంట్ తీసుకోలేదు లెండి.

ఇక చోకు. పెట్రోలు ద్రవంగా ఉన్నంతసేపు మండదు, ఆవిరి కావాలి. చల్లటి ఇంజనులో సరిగ్గా ఆవిరవదు, అందుకని గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచాలి. వేడెక్కిన ఇంజనుకి ఒక పాలు పెట్రోలుకి పద్నాలుగున్నర పాళ్ళకి కాస్త పైన గాలి చాలు, పొద్దున్నే మాత్రం ఆ లెక్క పనికిరాదు. జావాకి కార్బురేటరు మీద చిన్న బొడిపె ఉండేది, పెట్రోలు కారేదాకా దాన్ని నొక్కాలి. చేతక్‌ని ఒక పక్కకి వంచి, లేపి, కిక్కు కొట్టాలి. ఆ వంచడం కూడా పెట్రోలు ఎక్కువ పంపించడానికే. ప్రతి బండికీ ఒక మంత్రం. సగం చోకు, రెండు ఉత్త కిక్కులు, తాళం తిప్పి మూడో కిక్కు. యజమానికి తప్ప ఇంకొకరికి స్టార్టయ్యేది కాదు, దొంగలకి కూడా :) డిసెంబరులో పొద్దున అయిదున్నరకి మా కాలనీలో మొదట వినపడేది సుప్రభాతం కాదు, ఈ కిక్కుల చప్పుడు. ఏ ఇంట్లో ఎన్నో కిక్కుకి స్టార్టయిందో మంచం మీద పడుకునే లెక్కపెట్టేవాళ్ళం.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని కొత్త బళ్ళలో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇంజను ఎంత చల్లగా ఉందో ఒక సెన్సరు చూస్తుంది, ఒక టేబుల్లో వెతికి ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక చిన్న ప్రోగ్రాము తేలుస్తుంది. మా నాన్న మోకాలితో, చెవితో చేసిన పని మనలాంటివాడు ఎవడో సీ భాషలో రాసేశాడు. అంతకుముందు 2017 ఏప్రిల్ నుంచే కొత్త బళ్ళకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగి ఉండేలా నిబంధన వచ్చింది. డిస్కు బ్రేకులొచ్చాయి. ఇన్నీ వచ్చాయి గానీ వేళ్ళకి మాత్రం ఏమీ రాలేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవాళ్ళు, ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. బావులు మూతపడి ఓపెన్ కాస్టులు పెరిగాయి. అర్ధరాత్రి బళ్ళ మీద వెళ్ళేవాళ్ళలో ఇప్పుడు కాంట్రాక్టు కుర్రాళ్ళు ఎక్కువ. వాళ్ళ ఒంటి మీద జాకెట్టు ఉంటుంది, చేతికి గ్లోవ్సు ఉండవు. ఫోను చూసుకోడానికి అడ్డమట.

ఈ డిసెంబరులో మా టీం కుర్రాళ్ళు భద్రాచలం, చింతూరు, మారేడుమిల్లి ట్రిప్పు పెట్టుకున్నారు. అడిగారు కాబట్టి చెప్పాను. భద్రాచలంలో రాత్రి ఆగండి. పొద్దున ఏడున్నర దాకా రూములోంచి కదలకండి, ఘాట్ రోడ్డు ఎక్కడికీ పోదు. ఆగి ఉన్న లారీల కోసం చూడండి. చెయ్యి మొద్దుబారిన మరుక్షణం బండి ఆపండి, ఇంజను దగ్గర కాచుకోండి. మీ బళ్ళకి ఆ రేకుల మీద ప్లాస్టిక్ కవర్లున్నాయంటారా, అయితే టీ గ్లాసు పట్టుకోండి. జాకెట్టు లోపల పెట్టుకోడానికి జిల్లా పేపరు నేనే ఇస్తానన్నాను. ఒకడు మాత్రం పీడీఎఫ్ పనికొస్తుందా అని అడిగాడు.